ఫ్రిస్కో నుంచి లాస్ ఏంజెలెస్‌కు మారాలా? ఆఫర్ లెటర్ పక్కన వేసుకోవాల్సిన లెక్క

మీ ప్రశ్నను కుదిస్తే ఇదీ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో సొంత ఇల్లు, మూడు శాతం వడ్డీకి దొరికిన లోన్, ఇంట్లో ఒకటే జీతం, 1,75,000 డాలర్లు. లాస్ ఏంజెలెస్ కౌంటీలోని ఎల్ సెగుండో ఆఫీసుకు రమ్మని వేరే కంపెనీ 2,05,000 ఇస్తానంటోంది. హెచ్‌1బీ మీద ఉన్నారు, గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఏడాది దాటింది. పాప ఎనిమిదో తరగతి, బాబుకు ఈ ఆగస్టుకు నాలుగేళ్లు నిండుతాయి. మీ ఆవిడకు డాలస్ ఎండలు పడటం లేదు, సముద్రం దగ్గర ఉందామంటున్నారు. వెళ్లాలా, వద్దా?

ఈ అంకెలకైతే వద్దు. బేస్ జీతం ఇంకో ఇరవై వేలు పెరిగి, ఆఫీసుకు పన్నెండు మైళ్లలోపు అద్దె ఇల్లు దొరికితే వెళ్లొచ్చు. ఈ రెండింటిలో ఒకటి తప్పినా ఏడాది తిరక్కుండానే వెనక్కి చూస్తారు.

ముందు డబ్బు సంగతి. ముప్పై వేలు పెరుగుతోందని చూస్తున్నారు కదా, 2025 రేట్లతో దాన్ని ఒలిచి చూడండి. ఫెడరల్ ట్యాక్స్‌లో మీ పై శ్లాబు 22 శాతం, అక్కడ 6,600 పోతుంది. సోషల్ సెక్యూరిటీ కోత 1,76,100 దగ్గర ఆగిపోతుంది కాబట్టి మెడికేర్‌తో కలిపినా అది సుమారు 500 మాత్రమే. మిగిలింది 22,900. ఇప్పుడు టెక్సాస్‌లో లేని కోత: కాలిఫోర్నియా రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్. జాయింట్‌గా ఫైల్ చేసి, ఇద్దరు పిల్లల్ని చూపించి, స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటే 2,05,000 మీద అది దాదాపు 9,800. పే స్లిప్‌లో ఎస్‌డీఐ (రాష్ట్ర డిజెబిలిటీ ఇన్సూరెన్స్) అని ఇంకో లైను కనిపిస్తుంది. 2025లో అది 1.2 శాతం. 2024 నుంచి దానికి జీతం పరిమితి తీసేశారు, కాబట్టి మొత్తం జీతం మీద 2,460 కట్ అవుతుంది. అన్నీ పోగా ఏడాదికి చేతికి అదనంగా వచ్చేది 10,600 చిల్లర, అంటే నెలకు 880.

మీ 401కే రిటైర్మెంట్ ఖాతాలో వేసే డబ్బుకు కాలిఫోర్నియా కూడా మినహాయింపు ఇస్తుంది కాబట్టి అంకె కొంచెం మెరుగుపడుతుంది. వైద్య ఖర్చులకు దాచుకునే హెచ్‌ఎస్‌ఏకు మాత్రం ఇవ్వదు. అందులో వేసిన డబ్బు మీదా, ఆ ఖాతాలో వచ్చే వడ్డీ మీదా రాష్ట్రానికి పన్ను కట్టాల్సిందే. చాలామంది మొదటి ఏడాది రిటర్న్‌లో ఇది వదిలేసి తర్వాత నోటీసు అందుకుంటారు.

ఈ 880ని అద్దె పక్కన పెట్టండి. ఆఫీసుకు దక్షిణంగా, సౌత్ బే అనే ప్రాంతంలో, మంచి స్కూలు ఉన్నచోట మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు నాలుగు వేలకు దొరికితే అదృష్టం, ఐదు వేలు పలకడం మామూలే. ఫ్రిస్కో ఇంటి అద్దె దాని లోన్‌కు, ప్రాపర్టీ ట్యాక్స్‌కు సరిపోతుందనుకున్నా, ఇప్పుడు మీరు ఇంటికి కట్టేది మూడు వేలైతే తేడా వెయ్యి నుంచి రెండు వేలు. పైగా గ్యాస్ (పెట్రోల్) గాలన్‌కు డాలర్ పైనే ఎక్కువ. అందుకే ఇరవై వేలు అడగమంటున్నాను. వాళ్లు బేస్ కదపకుండా సైన్-ఆన్ బోనస్ పెంచుతామంటే తొందరపడి ఒప్పుకోవద్దు. బోనస్ ఒక ఏడాదితో సరి, అద్దె ప్రతి నెలా కట్టాలి.

లెక్కలో మీకు కలిసొచ్చేవీ ఉన్నాయి. బాబుకు సెప్టెంబరు 1లోపు నాలుగేళ్లు నిండుతున్నాయి కదా, 2025-26 నుంచి కాలిఫోర్నియా పబ్లిక్ స్కూళ్లలో ఆ వయసు పిల్లలందరికీ ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ (టీకే, కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది) ఉచితం. ఫ్రిస్కోలో ప్రీస్కూల్‌కు ఇప్పుడు కడుతున్న ఫీజు ఆగిపోతుంది. చాలాచోట్ల టీకే తొందరగా వదిలేస్తారు, మధ్యాహ్నం తర్వాత ఎవరు చూసుకుంటారో మాత్రం ముందే తేల్చుకోండి. రెండోది, కాలిఫోర్నియాలో ఉద్యోగులపై మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే నాన్-కంపీట్ షరతు చెల్లదు. రేపు వీధి అవతల కంపెనీ పిలిచినా వెళ్లొచ్చు. వాడుకోని వెకేషన్ రోజులకు ఉద్యోగం మానేటప్పుడు డబ్బు ఇచ్చి తీరాలి. ఎస్‌డీఐ కట్టినందుకు బదులుగా, పుట్టిన బిడ్డ కోసమో జబ్బు పడిన తల్లిదండ్రుల కోసమో ఎనిమిది వారాల వరకు జీతంలో కొంత భాగం రాష్ట్రమే ఇస్తుంది.

మారే తేదీకి ముందు తేల్చుకోవాల్సినది ఒకటి ఉంది. మన వాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. కాలిఫోర్నియా రెసిడెంట్ అయిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయానికైనా ఆ రాష్ట్రానికి లెక్క చెప్పాలి. హైదరాబాద్ శివార్లలో ప్లాటు ఉందనుకుందాం, అమ్మే ఆలోచన ఉందనుకుందాం. ఇండియాలో లాంగ్ టర్మ్ లాభం మీద ఎన్ఆర్ఐ కట్టేది 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్. ఫెడరల్ రిటర్న్‌లో ఫారం 1116 పెట్టి ఆ పన్నుకు క్రెడిట్ తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ అనేదే లేదు, భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్నీ ఆ రాష్ట్రం పట్టించుకోదు. లాభాన్ని జీతంలో కలిపి మామూలు శ్లాబు వేస్తుంది, మీకది 9.3 శాతం. లాభం రెండు లక్షల డాలర్లైతే ఇండియాలో కట్టినదానికి తోడు ఇంకో 18,600. టెక్సాస్‌లో ఉండగా రిజిస్ట్రేషన్ పూర్తయి లాభం చేతికొస్తే ఈ పద్దే లేదు. స్టాకులూ అంతే. ఎప్పుడో కొని పెరిగిన షేర్లైనా సరే, అక్కడికి వెళ్లాక అమ్మితే లాభం మొత్తం మీదా వేస్తారు. పాత కంపెనీ ఇచ్చిన షేర్లు (ఆర్‌ఎస్‌యూలు) వెస్ట్ అయ్యే, అంటే మీ సొంతమయ్యే తేదీ దగ్గర్లో ఉంటే అది దాటాకే రాజీనామా ఇవ్వండి.

ఫ్రిస్కో ఇల్లు వెంటనే అమ్మొద్దు. ఆ వడ్డీ రేటు మళ్లీ దొరకదు. గత ఐదేళ్లలో రెండేళ్లు మీరు ఆ ఇంట్లో ఉండి ఉంటే దంపతులకు ఐదు లక్షల డాలర్ల లాభం వరకు పన్ను ఉండదు. అంటే ఖాళీ చేశాక సుమారు మూడేళ్ల గడువు చేతిలో ఉంటుంది, అద్దెకిచ్చిన కాలంలో తీసుకున్న డిప్రిసియేషన్‌కు మాత్రం పన్ను పడుతుంది. అద్దెకిచ్చిన మరుసటి ఏడాది సొంతంగా ఉండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు, దానితో ఇంటి పన్ను విలువ ఏటా పెరగడానికి ఉన్న పది శాతం పరిమితి రెండూ పోయి ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుంది. ఇన్సూరెన్స్ కూడా ల్యాండ్‌లార్డ్ పాలసీకి మార్చుకోవాలి, లేకపోతే క్లెయిమ్ రోజున చేతులెత్తేస్తారు.

ఇక ఎక్కడ ఉండాలి. ఎల్‌ఏ అని మనం ఒక్క మాటలో అనేస్తాం కానీ ఆ కౌంటీలో 88 నగరాలున్నాయి, స్కూల్ డిస్ట్రిక్టులూ, పోలీసు ఏర్పాట్లూ చోటును బట్టి మారిపోతాయి. పోస్టల్ అడ్రసులో లాస్ ఏంజెలెస్ అని ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు ఆ సిటీలో ఉన్నట్టు కాదు. ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అన్నది ఇంటి నంబరు కొట్టి డిస్ట్రిక్ట్ సైట్‌లోనే చూడాలి.

మీరు ఎవరిని అడిగినా పక్క ఆరెంజ్ కౌంటీలోని అర్వైన్‌లో ఉండమనే చెప్తారు. తెలుగువాళ్లున్నారు, స్కూళ్లు బాగుంటాయి, ఊరు శుభ్రం, ఫ్రిస్కోలాగే ఉంటుంది. అన్నీ నిజమే. ఎల్ సెగుండో ఆఫీసుకు రోజూ వెళ్లాల్సినవాళ్లు చేసే పెద్ద తప్పు కూడా అదే. మధ్యలో నలభై మైళ్ల పైన 405 ఫ్రీవే ఉంది. ఆదివారం పొద్దున ముప్పావు గంటలో వెళ్లిపోతారు, మంగళవారం పొద్దున గంటన్నర, సాయంత్రం అంతకన్నా ఎక్కువ. వారానికి మూడు రోజులు ఆఫీసైనా తొమ్మిది, పది గంటలు స్టీరింగ్ దగ్గరే. గూగుల్ మ్యాప్స్‌లో ఇప్పటి సమయం చూసి మోసపోవద్దు. మంగళవారం తొమ్మిదికి చేరాలని పెట్టి, అది చూపించే రెండు అంకెల్లో పెద్దదాన్ని నమ్మండి.

మీ ఆఫీసుకు వాటంగా ఉండేది టోరెన్స్. తొమ్మిది, పది మైళ్లు, ఫ్రీవే ఎక్కకుండా హాథార్న్ బులవార్డ్ మీదో, సెపుల్వెడా మీదో వెళ్లొచ్చు. సొంత స్కూల్ డిస్ట్రిక్ట్, మంచిది. రిడోండో బీచ్ ఇంకా దగ్గర, అద్దె ఇంకా ఎక్కువ. ఎల్ సెగుండో ఊరే చిన్నది, స్కూళ్లు బాగుంటాయి, నడిచి ఆఫీసుకు వెళ్లొచ్చు. ఉత్తరాన ఎల్‌ఏఎక్స్ రన్‌వేలు, దక్షిణాన ఆయిల్ రిఫైనరీ, సముద్రం వైపు మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్నాయి. ఇల్లు చూడటానికి మధ్యాహ్నం కాకుండా రాత్రి పదింటికి వెళ్లి కిటికీలు తెరిచి పది నిమిషాలు నిలబడండి. విమానాల చప్పుడు, గాలి వాసన మీకు పడతాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

మన సరుకులు, మన మనుషులు ముఖ్యమనుకుంటే సెరిటోస్ చూడండి. పక్కనే ఆర్టీషియాలో పయొనీర్ బులవార్డ్, అదే లిటిల్ ఇండియా. ఏబీసీ యూనిఫైడ్ స్కూళ్లకు మంచి పేరుంది. ఆఫీసుకు ఇరవై మైళ్ల పైచిలుకు, 105 ఫ్రీవే నేరుగా ఎల్ సెగుండో వైపే పోతుంది, పొద్దుటిపూట గంట పట్టొచ్చు. రెండు రోజులు మాత్రమే ఆఫీసైతే ఆలోచించదగ్గదే. ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి: ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, మనబడి క్లాసు, బిర్యానీ పాయింటు అన్నీ పావుగంటలో. సౌత్ బేలో అలా ఉండదు. మలిబు గుడి అని పిలిచే వేంకటేశ్వరస్వామి గుడి కాలబాసస్ కొండల్లో ఉంది, సౌత్ బే నుంచి వెళ్లి రావడానికే సగం రోజు కావాలి. పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే ఇల్లైతే ఈ తేడా మీకంటే వాళ్లకే ఎక్కువ తెలుస్తుంది.

మీ ఆవిడ అడిగిన ఎండ, సముద్రం గురించి. తీరం వెంట మే, జూన్ నెలల్లో పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా, ఒక్కోసారి రోజంతా, మబ్బు కప్పేస్తుంది. జూన్ గ్లూమ్ అంటారు. చల్లటి సముద్రం మీద గాలి పొర చిక్కబడి లోపలికి జరగడం వల్ల వస్తుందది. అదే పొర జులైలో తీరాన్ని డెబ్బైల ఫారెన్‌హీట్‌లో ఉంచుతుంది. పాతిక మైళ్లు లోపలికి, శాన్ ఫెర్నాండో వ్యాలీకి వెళ్తే అదే రోజు తొంభై దాటుతుంది. వుడ్‌ల్యాండ్ హిల్స్‌లో 2020 సెప్టెంబరు 6న 121 ఫారెన్‌హీట్ నమోదైంది. డాలస్ ఎండ నుంచి తప్పించుకోవడమే పనైతే అద్దె తక్కువని వ్యాలీకి వెళ్లకండి. ఇంకో మాట, అక్కడి సముద్రం చల్లన. ఆగస్టులో కూడా అలల మీద ఆడేవాళ్లు వెట్‌సూట్ వేసుకుంటారు. విశాఖ ఆర్కే బీచ్‌లో దిగినట్టు దిగితే రెండు నిమిషాల్లో బయటికి వస్తారు.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఇంటి వయసు అడగండి, అద్దె ఎంత పెంచొచ్చన్నది దాని మీదే ఉంటుంది. లాస్ ఏంజెలెస్ సిటీ పరిధిలో 1978 అక్టోబరు 1కి ముందు కట్టిన అపార్ట్‌మెంట్‌కు సిటీ అద్దె నియంత్రణ ఉంటుంది. మిగతా చాలాచోట్ల, పదిహేనేళ్లు దాటిన అపార్ట్‌మెంట్లకు రాష్ట్ర చట్టం ప్రకారం ఏడాదికి ఐదు శాతం ప్లస్ ద్రవ్యోల్బణం, అదీ పది శాతం మించకుండా. కొత్త బిల్డింగులకు, ఈ చట్టం వర్తించదని నోటీసు ఇచ్చి వ్యక్తులు అద్దెకిచ్చే విడి ఇళ్లకు ఆ రక్షణ లేదు. మెరిసే కొత్త కాంప్లెక్స్ వాళ్లు రెండు నెలల అద్దె ఉచితమంటే, రెండో ఏడాది రెన్యూవల్ అసలు అద్దె మీద లెక్క వేస్తారని గుర్తుంచుకోండి. అడ్వాన్స్ 2024 జులై నుంచి ఒక నెల అద్దె మించి తీసుకోకూడదు, చిన్న ఓనర్లకు కొంత సడలింపు ఉంది. డాలస్ నుంచి వచ్చినవాళ్లు ఖాళీ వంటిల్లు చూసి కంగుతినేవాళ్లు, ఫ్రిజ్ ఎవరికి వారే తెచ్చుకోవడం అక్కడ అలవాటుగా ఉండేది. 2026 జనవరి 1 నుంచి రాసే అగ్రిమెంట్లకు స్టవ్, ఫ్రిజ్ ఓనరే ఇవ్వాలి. ఏసీ మాత్రం అడిగి చూసుకోవాలి, తీరం దగ్గరి పాత ఇళ్లలో ఉండదు. పార్కింగ్ స్థలం అగ్రిమెంట్‌లో రాయించుకోండి. రోడ్డు మీద పెడితే వారానికోసారి వీధి ఊడ్చే రోజు మర్చిపోయినందుకు డెబ్బై డాలర్ల పైన చలానా.

కార్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో, పైన సన్నటి స్తంభాల మీద ఇళ్లు నిలబెట్టిన పాత చెక్క అపార్ట్‌మెంట్లను సాఫ్ట్ స్టోరీ అంటారు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో, తీవ్రత 6.7, అలాంటివే కూలాయి. లాస్ ఏంజెలెస్ సిటీ 2015లో వాటిని బలపరచడం తప్పనిసరి చేసింది, ఆ పని అయ్యిందో లేదో బిల్డింగ్ శాఖ రికార్డులో అడ్రసు కొట్టి చూడొచ్చు. మామూలు రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో భూకంపం ఉండదు, వేరే తీసుకోవాలి. 2025 జనవరి 7న మొదలైన పాలిసేడ్స్, ఈటన్ మంటల తర్వాత కొండవాలు ఇళ్లకు ఇన్సూరెన్స్ దొరకడమే గగనం. సౌత్ బే మైదానంలో ఆ బెడద తక్కువ. స్కూళ్లు బాగున్నాయని పాలోస్ వెర్డెస్ కొండ వైపు చూస్తే, పోర్చుగీస్ బెండ్ దగ్గర నేల జారుతోంది, 2024లో అక్కడ గ్యాస్, కరెంటు ఆపేశారు, ఆ మ్యాప్ చూసి గానీ అడుగు వేయొద్దు. ఇల్లు కొనే ఆలోచన మొదటి రెండేళ్లు పెట్టుకోకండి.

పాప విషయంలో సమయం సరిగ్గా కుదిరింది. తొమ్మిదో తరగతి మొదట్లో మారితే నాలుగేళ్ల మార్కులూ ఒకే చోట ఉంటాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీలకు ఎ-జి అనే సబ్జెక్టుల వరస పూర్తి చేయాలి, చేరిన రోజే కౌన్సెలర్‌తో కూర్చుని కోర్సులు సరిచూసుకోండి. యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) ఎస్ఏటీ స్కోరు చూడవు. కనీసం 366 రోజులు నివాసం, అక్కడే స్థిరపడే ఉద్దేశం చూపిస్తే ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుంది, హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల కుటుంబ వీసా) పిల్లలకు కూడా. లేకపోతే బయటివాళ్లకు ఏటా 37 వేల డాలర్ల పైన అదనపు ఫీజు. పదకొండు, పన్నెండులో మారే కుటుంబాలకు ఇక్కడే తేడా కొడుతుంది.

కార్ల పని తొందరగా చూసుకోవాలి. లైసెన్సుకు పది రోజులు, రిజిస్ట్రేషన్‌కు ఇరవై రోజులు గడువు. గ్యాస్ కారుకు స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) చేయించాలి. ఏడాదిలోపు కొన్న కారైతే టెక్సాస్‌లో కట్టిన 6.25 శాతం పోను మిగతా పన్ను అడగొచ్చు, కొన్న రసీదు దగ్గర పెట్టుకోండి. మారాక డాలస్‌లో డీల్ బాగుందని కొత్త గ్యాస్ కారు తెప్పించుకోవద్దు. 7,500 మైళ్లలోపు తిరిగి, బానెట్ కింద కాలిఫోర్నియా ఎమిషన్ లేబుల్ లేకపోతే దాన్ని అక్కడ రిజిస్టర్ చేయరు.

వీసా వైపు: ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటింది కాబట్టి పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్ మీదే, మూడేళ్ల ఎక్స్‌టెన్షన్లూ వస్తాయి. కొత్త కంపెనీ మాత్రం పెర్మ్ (గ్రీన్ కార్డుకు ముందు కావాల్సిన లేబర్ శాఖ సర్టిఫికేషన్) మొదటి నుంచి చేయాలి, అది లాస్ ఏంజెలెస్ లొకేషన్‌కు ముడిపడుతుంది. తర్వాత మీరు కాలిఫోర్నియాలోనే ఉన్న ఆంటారియో వైపో, థౌజండ్ ఓక్స్ వైపో ఆఫీసు మారితే అవి వేరే మెట్రో ప్రాంతాలు, హెచ్‌1బీ అమెండ్‌మెంట్ అడగొచ్చు. అర్వైన్ ఆఫీసుకు మారితే అదే మెట్రో. ఇల్లు మారిన పది రోజుల్లో ఇంట్లో ప్రతి ఒక్కరికీ అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 పెట్టండి. ఉద్యోగం పోతే ఉండేది 60 రోజులు. ఐదు వేల అద్దె మీద ఆ 60 రోజులు గడవాలంటే ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి, ఫ్రిస్కోలో మూడు నెలలది సరిపోయేది.

ఇప్పుడు రిక్రూటర్‌కు ఒక్క మెయిల్ రాయండి. బేస్ 2,25,000. రీలొకేషన్ డబ్బు గ్రాస్-అప్ చేసి, అంటే దాని మీద పడే పన్ను కూడా కలిపి ఇవ్వాలి, ఎందుకంటే ఫెడరల్ లెక్కలో అది జీతంలో కలిసిపోతుంది. ఏడాదిలోపు మానేస్తే ఎంత తిరిగి కట్టాలో అంకెలో చెప్పాలి. పెర్మ్ ఏ నెలలో మొదలుపెడతారో రాయాలి. వారానికి ఎన్ని రోజులు ఆఫీసు అన్నది ఆఫర్ లెటర్‌లోనే ఉండాలి. జవాబు వచ్చేలోపు టోరెన్స్‌లో నాలుగు రోజులకు గది తీసుకుని, మంగళవారం ఎనిమిదింటికి ఆఫీసు పార్కింగ్ దాకా ఒకసారి, సాయంత్రం ఐదున్నరకు వెనక్కి ఒకసారి నడపండి, మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని. డాలస్‌లో రాజీనామా మాత్రం కొత్త హెచ్‌1బీ పిటిషన్ రసీదు నంబరు చేతికొచ్చాకే.